బండిపై గూడు

గోదావరి డెల్టాలో పూర్వము ప్రయాణమునకు ముఖ్యసాధనములు రెండు: కాలువలో పడవ, గట్టుపై ఎడ్లబండి. 1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు విస్తరించినవి; వాని గట్లే అనేక గ్రామములకు బాటలైనవి. వృద్ధులును, పసిపిల్లలును దూరపుటూళ్ళకు పోవలసినపుడు బండిపై వెదురుగూడు నిలిపి, లోపల గడ్డి పరచి, దానిపై జంపఖానా వేసెడివారు. ప్రయాణము ముగిసిన పిదప గూడు దింపి, ఆ బండిమీదనే ధాన్యపు బస్తాలు తోలెడివారు.

ఇట్టి యుపాయమే నేడు మోటారు బండ్లయందును కానవచ్చుచున్నది. పికప్ ట్రక్కు వెనుకనున్న తొట్టిలో ఒక చిన్న గదిని జార్చి బిగింతురు. దీనికి క్యాంపర్ అని పేరు. పడక, పొయ్యి, నీటితొట్టి అందులోనే యుండును. పని తీరిన వెనుక దానిని దింపవచ్చును. అమెరికాలో ఇవి మిక్కిలి వ్యాప్తిలో నున్నవి. పికప్ బండ్లు మన దేశమునకును క్రొత్తవి కావు. ఆంధ్రప్రదేశమున శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారమున 2016వ సంవత్సరమునుండి ఇవి తయారగుచున్నవి.

గది తొట్టిలో పట్టినంతమాత్రమున బండి దానిని మోయగలదని తలంపరాదు. ఒక బండి స్వంత బరువు 1,800 కిలోలనియు, బరువుతో కూడ 2,700 కిలోలకు మించరాదనియు అనుకొందము. మోయదగినది 900 కిలోలే. గది 600 కిలోలు. నడుపువానితో కలిపి నలుగురు మనుష్యులు 250 కిలోలు. ఇంకను 50 కిలోలకు తావున్నది. కాని లీటరు నీరు ఒక కిలో తూగును. నూరు లీటర్ల నీరు నింపినచో పరిమితి 50 కిలోలు దాటిపోవును. పొయ్యి, పాత్రలు, పరుపులు ఇంకను లెక్కకు రానేలేదు!

బరువెంతయో తెలిసిన చాలదు; అది ఎచ్చట నున్నదో కూడ చూడవలెను. ఎడ్లబండిలో బరువు ముందునకు జరిగినచో కాడి ఎద్దుల మెడలను నొక్కును; వెనుకకు జరిగినచో కాడి పైకి లేచును. అందుచేతనే బండివాడు కూర్చున్నవారిని ముందునకో వెనుకకో జరుగుమని చెప్పును. ట్రక్కునందును గది బరువు వెనుక ఇరుసునకు కొంత ముందుగా పడవలెను. అది ఇరుసు దాటి వెనుకకు పోయినచో ముందుచక్రములు తేలికయై, నడుపువాని చేతికి బండి వశము కాదు.

మూడవది ఎత్తు. గది ఎత్తైన కొలది బరువు నేలకు దూరమగును. మలుపులో బండి ప్రక్కకు ఒరుగును. కోనసీమలోని కాలువగట్ల బాటలు పెక్కు ఇరుకైనవి. వానకు గట్టు అంచు మెత్తబడినపుడు ఒక చక్రము దిగబడినను బండి నీటిలో బోర్లపడవచ్చును. కావున బరువైన వస్తువులు గది అడుగుననే యుంచవలెను; వేగము తగ్గింపవలెను; గదిని పట్టియుంచు గొలుసులు కొంతదూరము పోయిన తరువాత మరల బిగించి చూడవలెను. కొబ్బరిమట్టలును, విద్యుత్తీగలును తగులునేమో ముందుగనే చూచుకొనవలెను.

ఇల్లు వెంటబెట్టుకొని పోవుట వేడుకయే. కాని ఆ యింటిలో నిద్రించువారి ప్రాణములు బయలుదేరుటకు ముందు వేసిన ఈ చిన్న లెక్కపై ఆధారపడియున్నవి.