కుటుంబ జ్ఞాపకాల పరిరక్షణ: సూరత్ నేర్పుతున్న పాఠం

తపతీ నదీతీరాన వెలసిన సూరత్ శతాబ్దాలుగా వర్తకానికి, వస్త్ర పరిశ్రమకు పేరెన్నికగన్న నగరం. గత శతాబ్దపు ద్వితీయార్ధంలో ఇక్కడ మరమగ్గాలు విస్తరించిన కొద్దీ, తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాలు, బతుకుతెరువు కోసం తరలివచ్చి లింబాయత్ వంటి ప్రాంతాలలో స్థిరపడ్డాయి. గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ రావడం ఈ నగర స్వభావానికి నిదర్శనం.

ఇలా వలస వచ్చిన కుటుంబానికి ఇల్లూ పొలమూ వెంట రావు. వెంట వచ్చేది ఒక రేకుపెట్టె. అందులో పెళ్ళి ఫోటోలు, బడి సర్టిఫికెట్లు, రేషను కార్డు, ఊరి నుంచి అందిన ఉత్తరాలు ఉంటాయి. కాలక్రమాన ఆల్బములు, వీడియో క్యాసెట్లు వాటితో చేరతాయి. ఆ కుటుంబం ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఎందుకు బయలుదేరిందో తెలిపే సాక్ష్యం చాలా ఇళ్ళలో ఆ పెట్టె ఒక్కటే.

ఆ సాక్ష్యానికి సూరత్‌లో మొదటి శత్రువు నీరు. నగరానికి ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకాయి జలాశయం నుంచి 2006 ఆగస్టులో భారీగా నీరు విడుదల చేయవలసి వచ్చినప్పుడు నగరంలో అత్యధిక భాగం జలమయమైంది. తపతి శాంతించిన సంవత్సరాలలో సైతం, మీఠీ ఖాడీ వంటి వాగులు పొంగి లింబాయత్ పరిసరాలను ముంచెత్తిన సందర్భాలున్నాయి.

తడిసిన ఫోటోలన్నీ నశించినట్లు కాదు. బురద పట్టిన చిత్రాలను అవి ఆరి ఒకదానికొకటి అంటుకుపోకముందే విడదీసి, చల్లని శుభ్రమైన నీటిలో మెల్లగా కడిగి, బొమ్మ పైకి వచ్చేట్లు పరచి నీడలో ఆరబెట్టాలి. బొమ్మ ఉన్న వైపు వేలితో తాకరాదు. అద్దానికి అతుక్కున్న చిత్రాన్ని ఊడబెరికితే బొమ్మ పొర చినుగుతుంది. కనుక అద్దంతో సహా దానికి నకలు తీయించడం మేలు.

అయితే విపత్తు వచ్చిన తరువాత చేసే చికిత్స కంటే ముందుగా డిజిటల్ నకళ్ళు తీసి ఉంచుకోవడమే వివేకం. పత్రాలను స్కానరుపై అంగుళానికి 300 బిందువుల చొప్పున, ఫోటోలను 600 బిందువుల చొప్పున నమోదు చేస్తే సాధారణంగా సరిపోతుంది. ఫిల్మ్ నెగెటివ్‌లు చిన్నవి కనుక వాటికి అంతకంటే ఎన్నో రెట్ల సాంద్రత కావాలి. మొదటి నకలును ‘టిఫ్’ రూపంలో భద్రపరచి, బంధువులకు పంపడానికి ‘జేపెగ్’ ప్రతిని వేరుగా తయారు చేసుకోవచ్చు.

వీడియో క్యాసెట్ల విషయంలో జాప్యం తగదు. టేపుపై ఉన్న అయస్కాంత పొర ఏళ్ళు గడిచిన కొద్దీ క్షీణిస్తుంది. పైగా వి.హెచ్.ఎస్. యంత్రాల ఉత్పత్తి 2016లోనే ఆగిపోయింది. టేపు బాగున్నా, దానిని ఆడించే యంత్రం దొరకని రోజు దూరంలో లేదు.

చిత్రాలను సరిదిద్దడంలో సంయమనం అవసరం. గీతలు తొలగించాలన్నా, అంచులు కత్తిరించాలన్నా ఆ పని రెండవ ప్రతిపైనే చేయాలి. మనుషుల వెనుక గోడకు వేలాడే క్యాలెండరు, తలుపు చాటున కనిపించే మగ్గం కూడా చరిత్రే. కృత్రిమ మేధతో రంగులద్దిన చీర చూపులకు అందంగా ఉండవచ్చు. కాని ఆ రంగు ఊహ మాత్రమే, సాక్ష్యం కాదు.

ఇక రెండవ శత్రువు నీటి కంటే నిశ్శబ్దమైనది. అది మరపు. బొమ్మ స్పష్టంగా ఉండి, అందులోని వారెవరో చెప్పగల మనిషి లేకపోతే ఆ ఫోటో అపరిచితుల చిత్రమై మిగులుతుంది. ఏ యంత్రమూ ఆ పేరును తిరిగి తేలేదు. అందువల్ల స్కానరు కొనడానికి ముందే చేయవలసిన పని ఒకటుంది: ఇంటి పెద్దల పక్కన కూర్చుని, ఒక్కొక్క ఫోటో చూపి అడగడం, వారు చెప్పేది ఫోనులో రికార్డు చేసి, అదే రోజు రాసిపెట్టడం.

ఇక్కడ భాష ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అనువాదకులకు ఇది చిరపరిచితం. ఫోటో వెనుక ‘తాత’ అని రాసి ఉంటే హిందీలో దానిని ‘దాదా’ అనాలా, ‘నానా’ అనాలా? తండ్రి తండ్రికీ, తల్లి తండ్రికీ హిందీలోను, గుజరాతీలోను వేర్వేరు మాటలున్నాయి. పైగా ఒకరికి తాత అయినవారు మరొకరికి మేనమామ. కాబట్టి వరుసతో సరిపెట్టక పూర్తి పేరు, ఊరు, సంవత్సరం, సందర్భం రాయాలి. సంవత్సరం నిశ్చయంగా తెలియనప్పుడు ‘సుమారు 1975’ అనడం నిజాయితీ. ఫైలుకు ‘1978-సిరిసిల్ల-పెళ్ళి-01’ అన్న రీతిలో పేరు పెడితే కాలక్రమం తనంతట తానే ఏర్పడుతుంది.

సూరత్‌లో పుట్టిన మనుమలలో కొందరు తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. వారి తాతలలో కొందరికి గుజరాతీ లిపి రాదు. కనుక వివరాన్ని రెండు లిపులలోనూ రాయడం ఉత్తమం. ఈ రెండు లిపులకూ 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే స్థానం లభించింది.

చివరిగా, ప్రతి ఫైలుకు 3 ప్రతులు, కనీసం 2 రకాల సాధనాలపై, వాటిలో 1 మరొక ఊరిలో ఉండాలన్నది నిపుణుల సూత్రం. సూరత్ ప్రతి ఒకటి సిరిసిల్లలోని బంధువుల ఇంట, అక్కడి ప్రతి ఒకటి సూరత్‌లో ఉంటే, తపతి పొంగినా జ్ఞాపకం మునగదు. అసలు పత్రాలను మాత్రం పారవేయరాదు. నకలు వాటికి తోడే గాని బదులు కాదు.

2010లో అనూషా యాదవ్ ప్రారంభించిన ‘ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్’ దేశం నలుమూలల కుటుంబ చిత్రాలను వాటి కథలతో సహా సేకరించి, ఇంటి ఫోటో కూడా జాతి చరిత్రలో భాగమేనని చాటింది. మగ్గంపై బతుకు నేసుకుంటూ వేరొక భాషాసీమను తమదిగా చేసుకున్న వారి చరిత్ర గ్రంథాలలో తక్కువగాను, రేకుపెట్టెలలో ఎక్కువగాను ఉన్నది. విద్యార్థులు ఈ సెలవులలో తమ ఇంటి పెట్టె తెరచి, పెద్దలను పది ఫోటోల గురించైనా అడిగితే, ఆ చరిత్రలో పది పేర్లు నిలుస్తాయి.