పాత పనిముట్ల పెట్టె: మెషినిస్టుది వేరు, మెకానిక్‌ది వేరు

బాగలూరు పరిసర గ్రామాలలో అటక మీదనో, మంచం క్రిందనో ఒక పాత పనిముట్ల పెట్టె ఉన్న ఇళ్ళు అనేకం. ఏటా ఆయుధపూజనాడు దానిని క్రిందికి దించుతారు. దుమ్ము దులిపి, పసుపు కుంకుమలు పెట్టి, హారతి ఇచ్చి, మరునాడు మళ్ళీ అటకకు ఎక్కిస్తారు. ఆ పెట్టె వాడిన పెద్దాయన పని మానుకున్న తరువాతనో, కాలం చేసిన తరువాతనో ఇల్లు సర్దే రోజు వస్తుంది. ఆనాడు అది పాత ఇనుప కొట్టుకు చేరుతుంది. అక్కడ తూకమే ధరను నిర్ణయిస్తుంది. సుత్తికీ మైక్రోమీటరుకూ కిలో లెక్క ఒక్కటే. కొంతకాలానికి అదే ఇంటి కుర్రవాడు ఐ.టి.ఐ. ముగించి లేతు పట్టరలో చేరుతాడు. తాత దగ్గర ఉన్న వస్తువునే కొత్తగా కొనడానికి తండ్రి అప్పు చేయవలసి వస్తుంది.

ఈ నష్టానికి కారణం అశ్రద్ధ కాదు, తెలియకపోవడం. పెట్టె ఏ పని కోసం పుట్టిందో తెలిస్తే దానిలో ఏది ఉంచాలో, ఏది అమ్మవచ్చో, కుర్రవానికి ఏది ఇవ్వాలో తేలికగా బోధపడుతుంది.

పెట్టెలు ఇక్కడికి ఎలా వచ్చాయి?

బాగలూరు నుండి ఒక దారి హోసూరుకు, ఒక దారి మాలూరుకు, మరొకటి సర్జాపురానికి పోతుంది. ఆ దారులలోనే ఈ పల్లెల యువకులు సేద్యం నుండి యంత్రాల వైపు నడిచారు. బెంగుళూరులో 1940లో విమాన కర్మాగారం, 1953లో హెచ్.ఎం.టి. స్థాపితమయ్యాయి. సిప్కాట్ సంస్థ 1971లో ఏర్పడిన తరువాత హోసూరులో పారిశ్రామిక వాడ వెలసింది. 1980లో అక్కడ అశోక్ లేలాండ్ లారీల తయారీ, టి.వి.ఎస్. మోపెడ్ల తయారీ ఆరంభమయ్యాయి. ఆ దశాబ్దపు రెండవ భాగంలో టైటన్ గడియారాల కర్మాగారం వచ్చింది. పెద్ద కర్మాగారాల చుట్టూ చిన్న లేతు పట్టరలు, ఆ రహదారుల పొడవునా బండ్లు బాగుచేసే షెడ్లు పుట్టుకొచ్చాయి. 1980లో ఇరవై ఏళ్ళ వయసున పనిలో చేరినవారు నేడు అరవై దాటినవారు. వారి పెట్టెలే ఇప్పుడు అటకల మీద ఉన్నాయి.

ఒక విషయం గమనించాలి. పెద్ద కర్మాగారాలలో సాధారణంగా పనిముట్లను సంస్థ స్టోరు నుండి ఇస్తారు. పని ముగిశాక తిరిగి తీసుకుంటారు. స్వంత పెట్టె అవసరమైనది చిన్న పట్టరలలో పనిచేసేవారికి, షెడ్డు నడిపేవారికి, ఊరూరా తిరిగి పంపుసెట్లు, ట్రాక్టర్లు బాగుచేసేవారికి. కాబట్టి ఇక్కడి పాత పెట్టెలలో వడ్రంగి చేత చేయించుకున్న చెక్కపెట్టెలూ, ట్రంకులు చేసేవారి వద్ద కొన్న రేకుపెట్టెలూ ఎక్కువగా కనిపిస్తాయి.

రెండు వృత్తులు, రెండు అవసరాలు

మెషినిస్టు, టర్నర్, ఫిట్టర్ – వీరు యంత్రం ఉన్నచోటనే నిలిచి పనిచేస్తారు. ఇనుమును కొలత ప్రకారం కోయడం, చెక్కడం వారి విద్య. మైక్రోమీటరు మీద ఒక్కొక్క గీత మిల్లీమీటరులో నూరవ వంతు. తల వెంట్రుక మందం అటువంటి గీతలు ఆరేడు ఉంటుంది. అంత సూక్ష్మమైన కొలత చెప్పే వస్తువుకు తుప్పూ, దెబ్బా, చెమటా శత్రువులు. కనుక మెషినిస్టు పెట్టె ఒకచోట కదలక కూర్చుంటుంది. కొలతను కాపాడడమే దాని ధర్మం.

మెకానిక్ పని ఇందుకు విరుద్ధం. చెడిన బండి ఎక్కడ ఆగితే అక్కడికి ఆయన పోవాలి. స్పానర్లు, సాకెట్లు, పట్టకార్లు, సుత్తులు, జాకీలు – అన్నీ బరువైనవి, గ్రీజు అంటినవి, బలప్రయోగానికి పుట్టినవి. కాబట్టి మెకానిక్ పెట్టె మోయడానికి వీలుగా, దెబ్బకు ఓర్చేలా, చీకటిలోనైనా కావలసిన స్పానర్ చేతికి అందేలా ఉండాలి. బరువు మోయడమే దాని ధర్మం.

చెక్కపెట్టె

మెషినిస్టు చెక్కపెట్టెకు లోకంలో పేరెన్నికగన్నది అమెరికాలోని గెర్‌స్ట్నర్ పెట్టె. రైట్ సోదరుల ఊరైన డేటన్ నగరంలో హ్యారీ గెర్‌స్ట్నర్ 1906లో ఈ తయారీ ఆరంభించాడు. అమెరికాలో మెషినిస్టు తన కొలపరికరాలను తానే కొనుక్కునే ఆచారం ఉండేది; అందువల్ల అక్కడ ఈ పెట్టెల వ్యాపారం వర్ధిల్లింది. ఓక్ కలపతో చేసిన ఈ పెట్టెలో లోతు తక్కువైన సొరుగులు వరుసగా ఉంటాయి. ప్రతి సొరుగు అడుగున ఆకుపచ్చని ఉన్ని ఫెల్టు పరుస్తారు. ముందరి పలకను తీసి సొరుగుల క్రిందికి జరిపివేయవచ్చు. పని ముగిశాక పైకి లాగి తాళం వేస్తే సొరుగులన్నీ ఒక్కసారే మూతపడతాయి. నడుమ ఒక లోతైన సొరుగును 1914లో తొలిసారి వెలువడిన ‘మెషినరీస్ హ్యాండ్‌బుక్’ అనే గ్రంథం పట్టేలా చేయడం ఆనవాయితీ అయింది.

చెక్కలో ఒక సుగుణం ఉన్నది. అది గాలిలోని తేమను కొంత పీల్చుకుని, మెల్లగా వదులుతుంది. పగటి వేడికీ రాత్రి చలికీ నడుమ లోపలి మార్పు నెమ్మదిగా జరుగుతుంది కనుక ఉక్కు మీద చెమ్మ పట్టడం తగ్గుతుంది. అయితే దోషమూ ఉన్నది. ఓక్ వంటి కలపల నుండి వెలువడే ఆమ్లగుణం ఇనుముకు హాని చేస్తుంది. అందుకే పరికరాన్ని నేరుగా చెక్కకు తగలనివ్వక, నూనె తుడుపుతో ఫెల్టు మీద ఉంచుతారు. వానకాలంలో చెక్క ఉబ్బి సొరుగులు బిగుసుకోవడం, చెదలు, పుచ్చు దీనికి ఉండే ఇతర బాధలు.

ఉక్కుపెట్టె

అమెరికాలోనే ఒహాయో రాష్ట్రపు వాన్ వర్ట్ పట్టణంలో 1911లో మొదలైన కెన్నెడీ సంస్థ ఇదే ఆకృతిని ఉక్కురేకుతో తయారుచేసి ప్రసిద్ధి పొందింది. ముడతలు పడినట్లు కనిపించే గోధుమరంగు పూత దాని గుర్తు. సొరుగులు, ఫెల్టు, ముందరి పలక – అన్నీ చెక్కపెట్టెలో వలెనే ఉంటాయి. దీనికి చెదల భయం లేదు, నూనె మరకలు ఇంకవు, తాళం గట్టిది. కాని రేకు త్వరగా చల్లబడుతుంది, త్వరగా వేడెక్కుతుంది. శీతాకాలపు తెల్లవారుజామున దీనిలో చెమ్మ పట్టే ప్రమాదం చెక్కపెట్టె కంటే ఎక్కువ.

మెకానిక్ పెట్టెలు మూడు తీరులు. మొదటిది సాదా ట్రంకు. పైన తీసివేయగల ఒక తట్ట, క్రింద బరువు సామాను. రెండవది మెట్ల పెట్టె. పైనుండి తెరవగానే తట్టలు మెట్లు మెట్లుగా రెండు వైపులకూ విచ్చుకుంటాయి. వెదకడం సులభం, కాని తెరవడానికి చోటు కావాలి; కీళ్ళు అరిగితే తట్టలు వంగుతాయి. మూడవది చక్రాల బీరువా. సాకెట్లకు పేరుగాంచిన స్నాప్-ఆన్ వంటి సంస్థల వలన ఇది ప్రపంచమంతటా షెడ్లలో వాడుకకు వచ్చింది. దీనికి చదునైన గచ్చు నేల అవసరం. మట్టి నేల షెడ్డులో చక్రాలు కూరుకుపోతాయి.

ఏది ఎవరికి?

కుర్రవాడు టర్నర్, మెషినిస్టు, టూల్ అండ్ డై విద్యలలో ఉంటే సొరుగుల పెట్టె కావాలి. అది చెక్కదైనా ఉక్కుదైనా ఫరవాలేదు; సొరుగు లోతు తక్కువగా ఉండి, పరికరం మీద పరికరం పడకుండా ఉండడం ముఖ్యం. ట్రాక్టరు, మోపెడ్, లారీ పనులలో ఉంటే ట్రంకో మెట్ల పెట్టెయో చాలు. ఫిట్టర్‌కు రెండూ అవసరమే: ఆకురాళ్ళకూ సుత్తికీ ఒకటి, కొలతలకు వేరొకటి. సుత్తి ఉన్న అరలో మైక్రోమీటరు పెట్టడం కంటె పెద్ద పొరపాటు లేదు. దెబ్బ తిన్న మైక్రోమీటరు పైకి బాగానే కనబడుతుంది, కాని కొలత తప్పు చెబుతుంది. ఆ తప్పుతో కోసిన సరుకు తిరస్కరింపబడితే నింద పడేది దానిని పట్టుకున్న కుర్రవాని మీదనే.

పాత పెట్టెను పరీక్షించే విధానం

1. పెట్టెను ఖాళీ చేసి వెలుతురులో చూడాలి. చెక్కపెట్టె అయితే మూలల అతుకులు వదులయ్యాయేమో, సన్నని రంధ్రాల నుండి పిండి రాలుతున్నదేమో గమనించాలి. పిండి రాలితే పురుగు ఇంకా ఉన్నట్లే.

2. రేకుపెట్టె అయితే అడుగుభాగాన్నీ, పిడి దగ్గరి రివెట్లనూ చూడాలి. పైతుప్పు పోగొట్టవచ్చు; చిల్లులు పడిన అడుగు బరువు మోయదు.

3. మైక్రోమీటరు ముఖాలను మెత్తని గుడ్డతో తుడిచి, చివరనున్న రాట్చెట్ తిప్పుతూ మూయాలి. 0–25 మి.మీ. పరికరమైతే సున్నా గీతలు కలవాలి. కొద్ది తేడాను దానితో వచ్చే చిన్న తాళపుచెవితో సరిచేయవచ్చు. ముఖాలే గుంటలు పడితే పనికిరాదు.

4. ఏదైనా పరికరం మీద కర్మాగారపు గుర్తు, వరుస సంఖ్య చెక్కి ఉంటే అది సంస్థ సొత్తు కావచ్చు. అమ్మడానికి ముందు విచారించడం ఇంటి మర్యాదకు మేలు.

శుభ్రపరచడంలో జాగ్రత్తలు

పాత రంగులలో సీసం కలిపేవారు. గృహోపయోగ రంగులలో సీసాన్ని పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులోనే అమలుకు వచ్చింది. కాబట్టి పాత పెట్టె రంగును పొడిగా ఉప్పుకాగితంతో గీకరాదు. తడిపి, ఆరుబయట, పిల్లలు దూరంగా ఉన్నప్పుడే రుద్దాలి. మెకానిక్ పెట్టె అడుగున పేరుకున్న నల్లని దుమ్మునూ నోటితో ఊదరాదు. పూర్వపు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదకరం. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి.

ఇనుప పనిముట్ల గ్రీజును కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పలుచగా యంత్రపు నూనె పట్టించాలి. లక్క పాలిష్ ఉన్న చెక్కకు స్పిరిట్ తగిలించరాదు, పూత కరిగిపోతుంది. బిగుసుకునే సొరుగు అంచులకు కొవ్వొత్తి రుద్దితే చాలు. చెమ్మ పట్టిన ఫెల్టును మార్చివేయాలి. అది తేమను పరికరానికే అంటిస్తుంది. మైక్రోమీటరును పెట్టెలో ఉంచేటప్పుడు ముఖాలు తాకకుండా కొద్దిగా ఎడముగా వదలాలి. ఆయుధపూజనాడు పసుపు కుంకుమలను పెట్టె మూతకు పెట్టడం మంచిది. తడి పసుపు కొలపరికరాలకు తగిలితే మరునాటికి మచ్చ పడుతుంది.

ఐ.టి.ఐ. పాఠం తమిళంలోనో ఆంగ్లంలోనో ఉంటుంది. ఇంటి మాట తెలుగు. పుస్తకంలోని బొమ్మకు పేరు నేర్చుకున్న కుర్రవాడు తాత పెట్టెలో అదే వస్తువును చేతితో పట్టుకుంటే పాఠం మనసున నిలుస్తుంది. పెట్టెను వాడిన పెద్దాయన జీవించి ఉంటే, ఒక సాయంత్రం ఆయన ఎదుట దానిని తెరచి, ఏది దేనికో అడిగి, ఒక్కొక్క దానికి చీటీ కట్టించడం ఉత్తమం. ఆ తరువాత కూడా అక్కరలేదని తేలినవాటిని తూకానికి వేయవచ్చు. అడగకముందే వేసినవి మాత్రం తిరిగి రావు.