బొందలగడ్డల్లో ఎవరి పేరు మిగిలింది?
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సమాధుల మీద ఒక పరిశీలన

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో పేరున్న వాళ్ళ సమాధులు ఎక్కడున్నాయని ఎవరైనా విద్యార్థి అడిగితే సాధారణంగా వచ్చే జవాబు స్తూపాల గురించి ఉంటుంది. సాయుధ పోరాట అమరుల స్తూపాలు, కూడళ్ళలో విగ్రహాలు, కాలనీలకు పెట్టిన పేర్లు. ఇవేవీ సమాధులు కావు. స్తూపం కట్టడానికి శవం అక్కర లేదు, పార్టీ ఉంటే చాలు. సమాధికి మాత్రం మనిషిని పెట్టిన నేల కావాలె, పేరు చెక్కిన రాయి కావాలె, ఏడాదికొకసారి వచ్చి గడ్డి పీకి సున్నం వేసే చేతులు కావాలె. ఈ మూడూ దళితులకు ఎక్కడ దొరికినయి, ఎవరివల్ల దొరికినయి, ఎక్కడ దొరకకుండా పోయినయి అన్నది ఈ వ్యాసంలో మేము వివరించదలచుకున్నాము.

శ్మశానం అనే మాట పుస్తకాలది. వాడలో బొందలగడ్డ అంటరు. బొంద అంటే తవ్విన గుంత. దళితుల్లోనూ చాలా వెనుకబడిన కులాల్లోనూ పూడ్చడమే తరతరాల ఆనవాయితీ. చావు చుట్టూ ఉన్న పని అంతా కూడా వాడ మీదనే పడేది. ఊళ్ళో ఎవరు చచ్చినా పక్క ఊళ్ళల్లోని చుట్టాలకు కబురు మోసేది, ముందు నడిచి డప్పు కొట్టేది మాల మాదిగలే. అది వెట్టి. కూలి అడిగే హక్కు లేని పని. ఊరి చావులన్నిటికీ కాళ్ళరిగేలా తిరిగిన మనిషి తాను పోతే మట్టికుప్ప కింద పడుకున్నాడు. రెండు వానాకాలాలు గడిస్తే ఆ కుప్ప నేలమట్టం అవుతుంది. కొన్నేళ్ళకు అక్కడే ఇంకొకరికి బొంద తవ్వుతరు. కనుక మా తాత ఎక్కడున్నడని అడిగితే "ఆ తుమ్మ చెట్టు కాడ" అన్నంత వరకే జవాబు వస్తుంది. చెట్టు కొట్టేస్తే ఆ జవాబు కూడా పోతుంది.

1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. నల్లగొండ జిల్లా ఆ పోరాటానికి గుండెకాయ. 1946 జూలై 4న కడవెండిలో కాల్పులకు బలైన దొడ్డి కొమరయ్య కురుమ కులస్తుడు. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం నిలబడి ప్రాణమిచ్చిన ఠాణూ నాయక్ లంబాడా. ఆ ఊళ్ళున్న జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. ఈ రెండు పేర్లూ నిలిచినయి. కానీ దళాలకు అన్నం మోసినవాళ్ళు, కబుర్లు చేరవేసినవాళ్ళు, వెట్టి మానేసిన నేరానికి దెబ్బలు తిని చచ్చినవాళ్ళు? స్తూపం మీద జాబితాలో పేరు ఎక్కాలంటే ఆ పేరు ఎవరో ఒకరు రాసి పెట్టి ఉండాలె. నాయకులను గురించి నాయకులు రాసుకున్నారు. వాడ మనిషిని గురించి రాసే చదువు అప్పటికి వాడకు రాలేదు.

అట్లాగని ఈ ప్రాంతం సమాధిని మరచిపోయే ప్రాంతం అనుకుంటే పొరపాటు. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాను చూడండి. అక్కడున్నది ఇద్దరు ముస్లింల సమాధులు. నాలుగు వందల ఏండ్ల నాటివని చెప్పుకుంటరు. ప్రతి జనవరిలో మూడు రోజులు ఉర్సు జరుగుతుంది. మాలలు, మాదిగలు, లంబాడాలు, గొల్లలు, రెడ్లు అందరూ పోతరు. మొక్కు తీరితే మేకను కోసి కందూరు చేస్తరు. పుట్టిన బిడ్డకు సైదులు అనో, సైదమ్మ అనో పేరు పెట్టుకుంటరు. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఏ బడి హాజరుపట్టీ తీసినా ఒక సైదులు కనబడతడు. ఆ పేరుకు మూలం గోరీలో పడుకున్న మనిషి. హిందువు, ముస్లిము అని కొట్లాట పెట్టదలచుకున్నవాళ్ళు ముందు ఈ హాజరుపట్టీలు చూడాలని మా అభిప్రాయం. సమాధి దగ్గర అంటు లేకపోవడం, పూజారి అడ్డం లేకపోవడం దళితులను అక్కడికి తెచ్చినయి. గుడిలో నిలబడే చోటు లేనివాడికి గోరీ దగ్గర కూర్చునే చోటు దొరికింది.

ఇంకా వెనక్కి పోతే ఇదే జిల్లాలో ఫణిగిరి బౌద్ధ క్షేత్రం ఉన్నది. బౌద్ధంలో స్తూపం అంటే ధాతువుల మీద కట్టిన దిబ్బ, చనిపోయినవాడి చుట్టూ తిరిగి గౌరవించే పద్ధతి. 1956 డిసెంబరు 7న బొంబాయి దాదరు సముద్రపు ఒడ్డున అంబేద్కర్‌కు అంత్యక్రియలు జరిగిన చోటును చైత్యభూమి అనడంలో ఈ పాత అర్థమే ఉన్నది.

రాయి మీద పేరు చెక్కే అలవాటు వాడకు వచ్చింది ఎక్కువగా క్రైస్తవంతో. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిజాం రాజ్యంలో నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాలకు వచ్చింది. ఇక్కడ పనిచేసిన మిషనరీల్లో కొందరు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ కుటుంబాలవాళ్ళు. ఈ మిషన్‌లో చేరినవాళ్ళు చాలావరకు మాదిగలు. దానికి ముందే ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి ఊరూరా తిరిగి చెప్పడం వల్లనే ఆ మతం జనంలోకి పోయింది. మిషన్ చరిత్రలు మాత్రం దొర పేరుతో మొదలవుతాయి. ఏమైనా, చర్చి పుస్తకంలో బాప్తిస్మం, పెండ్లి, మరణం రాయడం మొదలైంది. సమాధి మీద ఇంటిపేరుతో సహా పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ వచ్చినయి. ఒరేయ్ అని తప్ప పిలవబడని మనిషికి పూర్తి పేరు రాతిమీద రావడం చిన్న సంగతి కాదు.

అయితే కులం సమాధుల దాకా వెంట వచ్చింది. తమిళనాడు తిరుచిరాపల్లి మేలపుదూరు కతోలిక శ్మశానంలో దళిత క్రైస్తవులను వేరు చేస్తూ గోడ కట్టిన సంగతి తెలిసినదే. ప్రభుత్వం వేరే గోడ కట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డు కులం కిందికి రాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా మతం మారినవాడికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. కనుక సర్టిఫికెట్ కావలసిన కుటుంబానికి సమాధి మీద శిలువ పెట్టడం కూడా ఆలోచించవలసిన విషయం అవుతుంది. బతికినంతకాలం రెండు పేర్లు, చచ్చినాక ఏ పేరు?

మిర్యాలగూడలో ఈనాడు దేశమంతటికీ తెలిసిన సమాధి ఒక్కటే. అది పెరుమాళ్ళ ప్రణయ్‌ది. దళిత క్రైస్తవ కుటుంబం. వైశ్య కులపు అమ్మాయిని 2018 జనవరిలో పెండ్లి చేసుకున్నాడు. 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యను డాక్టరుకు చూపించి ఆస్పత్రి నుంచి బయటకు వస్తుండగా భార్య కండ్ల ముందే నరికి చంపారు. అమ్మాయి తండ్రి కిరాయి ఇచ్చి చేయించిన హత్య అది. తమ్ముడు విదేశం నుంచి వచ్చేదాకా ఆగి సెప్టెంబరు 16న అంత్యక్రియలు చేశారు. ఆ రోజు పట్టణంలో నడిచిన జనంలో అన్ని జిల్లాల దళిత సంఘాలవాళ్ళు ఉన్నారు. తరువాత విగ్రహం పెట్టాలన్న ప్రతిపాదన వస్తే అభ్యంతరాలు లేచినయి. చనిపోయినవాడికి నేల ఇచ్చినా కూడలి ఇవ్వరన్నమాట.

అదే పట్టణంలో రెండో శ్మశానం కథ కూడా చెప్పాలె. 2020 మార్చిలో ఆ తండ్రి హైదరాబాదులో ఆత్మహత్య చేసుకున్నాడు. కేసులో మొదటి ముద్దాయి ఆయనే. మిర్యాలగూడ శ్మశానంలో దహనం జరుగుతుంటే కూతురు పోలీసు బందోబస్తుతో చివరి చూపుకు వచ్చింది. అక్కడున్నవాళ్ళు వెళ్ళిపొమ్మని నినాదాలు చేసి తిప్పి పంపారు. మొగుడి సమాధి దగ్గరికి పోవడానికి ఆమెకు అడ్డం లేదు, తండ్రి కాష్ఠం దగ్గరికి పోవడానికి ఉన్నది. కులం దాటినందుకు ఆడదానికి పడే శిక్ష ఎంతకాలం ఉంటదో ఇందులో తెలుస్తుంది. 2025 మార్చి 10న నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ రోజు తల్లిదండ్రులు సమాధి దగ్గరికి వెళ్ళారు. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చినయి.

సమాధి ఎక్కడ పెట్టాలన్నది రాజకీయ నిర్ణయం అని మొదట గట్టిగా చెప్పినవాళ్ళు చుండూరు దళితులు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని ఊచకోత కోస్తే, శవాలను ఊరి బయటి శ్మశానానికి తీసుకుపోకుండా దళితవాడ నడుమనే పూడ్చారు. ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు కాగితం మారింది, ఆ సమాధులు మారలేదు. దీనికి ఎదురుగా రోహిత్ వేముల సంగతి పెట్టి చూడండి. 2016 జనవరిలో ఆయన చనిపోయిన మర్నాడు విద్యార్థులకు తెలియనీయకుండా పోలీసుల పహరాలో అంబర్‌పేటలో హడావుడిగా దహనం చేయించారు. సమాధి ఉంటే జనం వస్తరు, జనం వస్తే ప్రశ్న వస్తది. గద్దర్‌ను 2023 ఆగస్టు 7న హైదరాబాదు అల్వాల్‌లో ఆయన నడిపిన బడి ఆవరణలోనే బౌద్ధ పద్ధతిలో పూడ్చారు. పేరు ఎంత పెద్దదైనా చివరికి సొంతంగా సంపాదించుకున్న నేల ఉన్నది గనుకనే అది జరిగింది.

అసలు సమస్య భూమి. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూముల ధర ఏటేటా పెరిగింది. సూర్యాపేట, కోదాడలను దాటే 65వ నంబరు జాతీయ రహదారి వెంట గజాల లెక్కన అమ్మకాలు వచ్చినయి. పట్టా లేని బొందలగడ్డ ఎవరికీ చెందని జాగా లెక్క కనబడుతుంది. పట్టాదారుడికి తన చెలకలో అయినవాళ్ళను పెట్టుకునే వీలున్నది. గల్వాన్‌లో 2020 జూన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబుకు కేసారంలోని కుటుంబ భూమిలోనే అంత్యక్రియలు జరిగినయి. అది న్యాయమైన గౌరవం. సెంటు భూమి లేని కూలికి ఆ వీలు ఎట్లా వస్తది? 2019 నుంచి తెలంగాణలో 12,769 పంచాయతీలకు వైకుంఠధామాలు కట్టించాలని ప్రభుత్వం పూనుకున్నది. అందులో ప్రధానమైనవి దహన వేదికలు, స్నానపు గదులు. పేరులోనూ నమూనాలోనూ పూడ్చేవాళ్ళు గుర్తుకు రాలేదు.

చట్టం లేకపోలేదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఇతరులతో సమానంగా శ్మశానాన్ని వాడుకోకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడాన్ని నేరం చేసింది. కానీ 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లో ఒక దళిత క్రైస్తవ పాస్టరు శవం ఇరవై రోజుల దాకా మార్చురీలో ఉన్నది. సొంత ఊళ్ళో పూడ్చనీయలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నంగా రాసి, చివరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని క్రైస్తవ శ్మశానానికి పంపారు.

ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న బొందలగడ్డల్లోని రాళ్ళను చదివి రాసిపెట్టే పనికి పెద్ద సరంజామా అక్కర లేదు. ఒక్కో రాయి మీది పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీలు, రాసి ఉంటే వృత్తి, శిలువ ఉన్నదా లేదా అన్నది రాసుకోవాలె. బడిపంతులు, బైబిలు స్త్రీ, రైల్వే కూలి, సంఘం నాయకుడు లాంటి మాటలు కనబడితే వాటి పక్కన గీత పెట్టుకోవాలె. రాయి లేని చోట ముసలివాళ్ళను అడిగి చెట్టు గుర్తో, బావి గుర్తో రాయాలె. ఆ బొందలగడ్డ సర్వే నంబరు రెవెన్యూ రికార్డులో ఏమని ఉన్నదో కూడా చూడాలె. ఈస్టరుకు, నవంబరు 2 సమాధుల పండుగకు క్రైస్తవ కుటుంబాలు గడ్డి పీకి సున్నం వేస్తరు. అక్షరాలు తేటగా కనబడేదీ, చెప్పేవాళ్ళు దొరికేదీ ఆ రోజుల్లోనే.