రైతునకు తగిన పికప్ బండి యేది? ఇంధనము, లాగుడు, మన్నిక

మన గ్రామములలో పంటను అంగడికి చేర్చుటకు ఎడ్లబండి యొక్కటియే సాధనముగా నుండిన దినములు గతించినవి. నేడు ట్రాక్టరు తొట్టియు, నాలుగు చక్రముల చిన్న సరకుబండియు దాదాపు ప్రతి యూరను కనబడుచున్నవి. ముందు డ్రైవరు కూర్చుండు గదియు, వెనుక సరకు నింపుటకు పైకప్పు లేని తొట్టియు గల బండిని పికప్ అందురు. అమెరికా దేశమున ఫోర్డు కంపెనీవారు 1925వ సంవత్సరమున తమ మోడల్ టి మోటారుకారునకు కర్మాగారముననే వెనుక తొట్టిని అమర్చి యమ్మసాగిరి. దాని యింజనునకు 20 గుఱ్ఱముల బలము మాత్రమే యుండెడిది. మన దేశమున 2005లో టాటా ఏస్ వెలువడిన పిమ్మట చిన్న రైతు దృష్టియు నీ తరగతి బండ్లపై బడినది.

మేము గ్రామములకు పోయినపుడెల్ల రైతులు మమ్ము నడుగు ప్రశ్న యొక్కటియే: "అయ్యా, ఏ బండికి మైలేజీ యెక్కువ?" ఈ ప్రశ్న తప్పు కాదు గాని, మొదట అడుగవలసినది యిది కాదు. ఒక మెట్టగ్రామమున మాకు పరిచితుడగు రైతు ఎకరమున్నర మిరప చేను తాకట్టు పెట్టి పెద్ద పికప్ కొనెను. మైలేజీ విషయమున అతడు మోసపోలేదు, బండియు మంచిదే. కాని సంవత్సరములో నలువది దినములకు మించి దానికి పని దొరకలేదు. మూడవ యేట బండియు పోయినది, తాకట్టు మాత్రము నిలిచినది. ఇట్టి కష్టము మఱియొక సభ్యునకు రాకుండవలెనను తలంపుతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇంధనపు లెక్క

బండి కాల్చు నూనె మూడు పనులకు వ్యయమగును: చక్రములను దొర్లించుటకు, ఎదురుగాలిని చీల్చుటకు, ఆగిన బండిని మరల కదల్చుటకు. మంచి తారు రోడ్డుమీద ఒక టన్ను బరువును దొర్లించుటకు సుమారు 15 కిలోల లాగుడు చాలును. మట్టిబాటలో దానికి మూడు నాలుగింతలు కావలెను. ఇసుకలోను, బురదలోను పదింతలు మించవచ్చును. కావున ఒకే బండి పట్టణపు రోడ్డుమీద ఒక లెక్కను, మన డొంకలలో వేఱొక లెక్కను చూపుటలో ఆశ్చర్యము లేదు. ఇక గాలి సంగతి. వేగము గంటకు 40 కిలోమీటర్లనుండి 60కి పెరిగినచో గాలి యొత్తిడి రెండింతలకు మించును. 80కి పెరిగినచో నాలుగింతలగును. గదికంటె ఎత్తుగా మిరప బస్తాలను పేర్చినపుడు గాలికి అడ్డు మఱింత పెరుగును.

కంపెనీవారు చెప్పు మైలేజీ ఒక నియమిత పరీక్షలో వచ్చినది. మన మైలేజీని మనమే కొలుచుకొనవలెను. టాంకును నిండుగా నింపించి మీటరు అంకెను వ్రాసికొనుడు. నాలుగైదు దినములు మామూలు పని చేయించి, అదే బంకులో మరల నిండుగా నింపించుడు. నడచిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లచే భాగించిన నిజమైన మైలేజీ తెలియును.

అయితే మైలేజీ యెక్కువైనంత మాత్రమున బండి చవుక యనుకొనరాదు. ఒక లీటరు నూనెతో ఎన్ని క్వింటాళ్లు ఎంత దూరము పోయెనో చూడవలెను. లెక్క తెలియుటకై యిట్లనుకొందము. చిన్న బండి 7 క్వింటాళ్లతో లీటరునకు 18 కిలోమీటర్లు పోవును. హెచ్చవేసిన 126 క్వింటాలు-కిలోమీటర్లు. పెద్ద పికప్ 15 క్వింటాళ్లతో 12 కిలోమీటర్లు పోవును, అది 180. ట్రాక్టరు 40 క్వింటాళ్ల తొట్టితో 5 కిలోమీటర్లే పోవును. అయినను అది 200. మైలేజీలో అన్నిటికంటె వెనుకబడిన ట్రాక్టరే నిండు బరువు మోయునపుడు ముందు నిలిచినది!

కాని రోజునకు 5 క్వింటాళ్ల కూరగాయలే యుండినచో లెక్క తలక్రిందులగును. చిన్న బండి అదే 18 కిలోమీటర్లతో 90 చూపును. పెద్దబండి 13 కిలోమీటర్లు పోయినను 65 మాత్రమే చూపును. సగము ఖాళీగా తిరుగు పెద్దబండి తన బరువును తానే మోసికొని తిరుగుచున్నది. ధాన్యము, మొక్కజొన్న బరువైన సరకులు. ప్రత్తి, మిరప చోటు తినెడి సరకులు. తొట్టి నిండినను ప్రత్తి తూకము తక్కువగనే యుండును. కావున తన పంట ఎట్టిదో చూచి బండి పరిమాణమును నిర్ణయింపవలెను.

డీజిలు ఇంజను గాలిని మిక్కిలి గట్టిగా నొత్తి మండించును గనుక పెట్రోలు ఇంజనుకంటె తక్కువ నూనెతో పని చేయును. బరువుతో దూరము పోవువారికి అదియే మేలు. కాని 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలైన భారత్ స్టేజ్ 6 నిబంధనల ప్రకారము తయారగు డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యుండును. ఆ మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు కొంతసేపు నిలుకడగా నడచి వేడెక్కవలెను. ఊరిలోనే రెండేసి మైళ్లు తిరిగి ఆగుచుండు బండిలో జల్లెడ పూడిపోవును. అట్టి పనికి పెట్రోలు బండిగాని, దగ్గఱ బంకున్నచో గ్యాసు బండిగాని యోచింపదగినది.

లాగుడు బలము

అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో పికప్‌ల వెనుక గుఱ్ఱపు తొట్లను, పడవలను తగిలించి లాగించుట వాడుక. ఆస్ట్రేలియాలో టొయోటా హైలక్స్ వంటి బండ్లకు బ్రేకులుగల తొట్టియైనచో మూడున్నర టన్నుల వఱకు లాగుటకు అనుమతి కలదు. దీనిని విని మనవారు కొందఱు తమ పికప్ వెనుక పాత ట్రాక్టరు తొట్టిని కట్టుటకు ఉత్సహించుచున్నారు. ఇది మిక్కిలి ప్రమాదము. ఆ దేశముననే బ్రేకులు లేని తొట్టి 750 కిలోలకు మించరాదని నిబంధన గలదు. ఆ బండ్లు పొడవైన చట్రముతోను, తగిన కొక్కెముతోను అందుకొఱకే నిర్మింపబడినవి. మన పల్లెలలో తిరుగు చిన్న సరకుబండ్లు వీపున మోయుటకు నిర్మింపబడినవి గాని వెనుక లాగుటకు గాదు.

లాగుట కష్టము కాదు, ఆపుట కష్టము. సమతలమగు తారు రోడ్డుమీద టన్నునకు 15 కిలోల లాగుడు చాలునని చెప్పితిమి. ఇరువది అడుగులకు ఒక అడుగు లేచు ఎక్కుడులో దీనికి మఱి 50 కిలోలు చేరును. ఎక్కుటలో ఇంజను మొరాయించును; అంతే. కాని దిగునపుడు ఆ 50 కిలోలే బండిని వెనుకనుండి త్రోయును. బ్రేకులు లేని తొట్టి ముందుబండిని ప్రక్కకు నెట్టి త్రిప్పివేయగలదు. పాడేరు ఘాటు వంటి కొండదారులలో బరువుతో దిగువారు ఎక్కుటకు వేసిన తక్కువ గేరులోనే దిగవలెను; నూనె మిగులునని గేరు తప్పించి దొర్లింపరాదు. బ్రేకులు కాగి పట్టు వదలినపుడు మిగులునది నూనె కాదు, దుఃఖము.

కావున లాగు పనిని ట్రాక్టరునకే విడువుడు. దాని పెద్ద చక్రములును, తక్కువ గేర్లును అందుకొఱకే యున్నవి. అయితే రాత్రివేళ దీపము లేని తొట్టి రోడ్డుమీద యమపాశమువంటిది. తొట్టి వెనుక ఎఱ్ఱ దీపమును, వెలుగు తగిలిన మెఱయు పట్టీలను తప్పక పెట్టింపవలెను.

మోయదగిన బరువు ఎంతయో బండి నమోదు పత్రమునుండియే తెలియును. అందు వ్రాసిన నిండు బరువులోనుండి ఖాళీ బరువును తీసివేసిన మిగిలినది మోయదగినది. గదిలో కూర్చున్నవారి బరువును ఇందులోనిదే. దానికి మించినచో 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇరువది వేల రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు రెండువేలును చెల్లింపవలెను. ఒక్కసారి పట్టుబడినచో ఎన్నియో ప్రయాణముల లాభము హరించును.

ఇంకొక మాట. మిరప కోతలకు, నాట్లకు కూలివారిని తొట్టిలో నిలువబెట్టి తీసికొనిపోవుట మనలో వాడుకైనది. సరకుబండి మనుష్యులకొఱకు కాదు. బండి తిరుగబడినపుడు పట్టుకొనుటకు ఆధారముండదు; బీమావారును అట్టివారికి పరిహారమిచ్చుటకు నిరాకరింతురు. కూలికి వచ్చిన తల్లి సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరుట మన బాధ్యత.

మన్నిక, నమ్మకము

నమ్మకమైన బండి యనగా చెడనిది యని కాదు. చెడినను ఆ పూటకే బాగుపడునది. తెల్లవాఱుజామున మదనపల్లె టమాటా అంగడికి పోవలసిన బండి ఒక పగలు ఆగినచో ఆనాటి కాయ కుళ్లును. కావున కొనుటకు ముందు నాలుగు సంగతులు విచారింపుడు. ఇరువది ముప్పది కిలోమీటర్లలో కంపెనీ షెడ్డు గలదా? ఫిల్టర్లు, క్లచ్చి పలకలు, బ్రేకు బిళ్లలు మండల కేంద్రమున దొరకునా? మన మెకానిక్కు ఆ యింజనును విప్పి యెఱుగునా? అదే బండిని ఐదేండ్లుగా త్రోలు యజమాని యేమనును? నాలుగవ ప్రశ్నకు వచ్చు సమాధానము ప్రకటనలన్నిటికంటె విలువైనది.

బండి ఆయుర్దాయము చాలవఱకు త్రోలువాని చేతిలో నున్నది. పుస్తకమున చెప్పిన గడువునకు ఇంజను ఆయిలు మార్పవలెను. మన మట్టిబాటలలో గాలి ఫిల్టరు త్వరగా పూడును; తఱచుగా చూడవలెను. టైర్లలో గాలి తగ్గినచో నూనెయు ఎక్కువ కాలును, టైరును అరుగును. బరువు మించినచో కమాను పట్టీలు, బేరింగులు, బ్రేకులు అన్నియు ఒక్కమాఱే వయస్సు మీఱును.

రైతులు ప్రత్యేకముగా నెఱుగవలసినది మఱియొకటి గలదు. కొన్ని క్రొత్త డీజిలు బండ్లకు పొగను శుభ్రపఱచుటకై డీఈఎఫ్ అను ద్రవమును వేఱు డబ్బాలో పోయవలెను. అది నూటికి 32.5 పాళ్లు యూరియా గల స్వచ్ఛమైన నీరు. "యూరియాయే కదా, ఇంటిలో బస్తా యున్నది" యని ఎఱువు యూరియాను నీటిలో కలిపి పోయువారున్నారు. పైరునకు మేలు చేయు ఆ వేపపూత యూరియా బండికి విషము. దానిలోని పూతయు, మలినములును, బావినీటిలోని లవణములును ఆ యంత్రమును పూడ్చివేయును. రెండు వందల రూపాయలు మిగుల్చుకొనబోయి వేలు పోగొట్టుకొనవద్దు.

అసలు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. వడ్డీ, బండి విలువ తగ్గుదల, బీమా, పన్ను, డ్రైవరు జీతము కలిసి ఏటికి 2,40,000 రూపాయలగుననుకొందము. ఇది బండి కదలినను, కదలకున్నను తప్పని వ్యయము. ఏటికి 240 దినములు పనియున్నచో దినమునకు వెయ్యి రూపాయలు పడును. 60 దినములే పనియున్నచో నాలుగువేలు పడును. ఇక మైలేజీ చూడుడు. రానుపోను 60 కిలోమీటర్లకు లీటరునకు 12 కిలోమీటర్లు పోవు బండి 5 లీటర్లు త్రాగును. 14 పోవు బండి ఇంచుమించు 4.3 లీటర్లు త్రాగును. తేడా దినమునకు వందరూపాయలకు లోపే. మైలేజీ తక్కువైనందువలన వంద పోవును. పని లేనందువలన మూడువేలు పోవును. మన మిత్రుని మిరప చేను పోయినది నూనెవలన గాదు, ఇంటిముందు నిలిచిన దినములవలన.

కావున ప్రతి సభ్యుడును గతసంవత్సరపు పంటను జ్ఞాపకము చేసికొని, ఎన్ని దినములు, ఎన్ని క్వింటాళ్లు, ఎంత దూరము పంపెనో కాగితముమీద వ్రాయవలెను. అన్ని దినములకు బాడుగ బండి కెంత యగునో ప్రక్కన వ్రాయవలెను. సొంత బండి వ్యయము దానికంటె తక్కువైననే కొనవలెను. లేనిచో బాడుగయే మేలు. ఏనుగును కొనుట యొక దినపు పని. మేపుట యేండ్ల పని.

ఒక్క రైతునకు 60 దినముల పనియే యున్నను, నలుగురైదుగురి పని చేరినచో 240 దినములు నిండును. ఒకరికి టమాటా, ఒకరికి పాలు, ఒకరికి మొక్కజొన్న వేర్వేఱు కాలములలో సాగును గనుక బండికి తీఱిక యుండదు. సంఘము పేర ఒక బండిని కొని, వంతుల పుస్తకమును, కిలోమీటర్ల పుస్తకమును, మరమ్మతుల నిధిని ఏర్పఱచి, సభ్యులందఱకు ఒకే రేటున నడపినచో, ఏ యొక్కరి చేనును తాకట్టు పడనక్కఱలేదు. వంతు విషయమున అధ్యక్షునకు ఒక న్యాయము, సామాన్య సభ్యునకు ఒక న్యాయము ఉండరాదు. ఇట్టి ఉమ్మడి ప్రయత్నములు చెడుట తఱచుగా ఇంజనువలన గాదు, పక్షపాతమువలన.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ తమ లెక్క కాగితములను వెంట దెచ్చిన యెడల, ఏ బండి తగునో అందఱము కలిసి కూడి చూచి నిర్ణయింపవచ్చును. బండి పేరు చివర వ్రాయుదము. పని లెక్క మొదట వ్రాయుదము.