టెస్టుట్యూబు పిల్లలు

కొన్ని యేండ్ల క్రిందట, పిల్లలను చేర్చుకొను దినములలో, అంగళ్లులోని మా బడికి వచ్చిన యొక తల్లి దరఖాస్తు ఇచ్చియు కదలక, మమ్ము ప్రక్కకు బిలిచి, "అయ్యవారూ, మావాడు టెస్టుట్యూబు బిడ్డ. వీనికి చదువు వచ్చునా?" అని మెల్లగా నడిగెను. నాడు రెండు మాటలలో ధైర్యము చెప్పితిమి. ఇచ్చట కొంచెము వివరించుచున్నాము.

పేరును బట్టి బిడ్డ గాజుగొట్టములో పెరిగెనని తలపరాదు. అండమును వీర్యకణమును చదునైన చిన్న పళ్లెములో గలిపి, కొలది దినములకే పిండమును గర్భములో నుంచుదురు. అటుపిమ్మట నెలలన్నియు అందరివలెనే. ఇట్టి మొదటి శిశువు 1978 జూలై 25న ఇంగ్లాండులోని ఓల్డ్‌హామ్ పట్టణమున బుట్టెను. ఆ యేడే అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన నొక బాలిక జన్మించెను. ఆయన మాటను నాటి పెద్దలు నమ్మరైరి. గౌరవము ఆయన మరణానంతరమే లభించెను. ఓల్డ్‌హామ్ శిశువు పెరిగి, సహజముగానే గర్భము ధరించి, 2006లో తల్లి యయ్యెను.

అనేక దేశములలో ఇట్టి పిల్లలను పరీక్షించి చూచిరి. బుద్ధియందును చదువునందును వీరు సామాన్యముగా తక్కినవారితో సమానులే. పుట్టుకతో వచ్చు లోపములు వీరిలో కొంచె మెక్కువ. అయినను అత్యధికులకు అట్టివి లేవు. తల్లిదండ్రుల వయస్సును, సంతానము కలుగనీయని వారి వ్యాధులును ఇందుకు కొంత కారణమని వైద్యులు తలచుచున్నారు.

అసలు చిక్కు కవలలతో వచ్చును. ఒకటి నిలువకున్న మరియొకటి నిలుచునని రెండు మూడు పిండముల నుంచినచో కవలలు గలిగి, నెలలు నిండకయే తక్కువ బరువుతో బుట్టుదురు. అట్టివారు ఊపిరికి కష్టపడవచ్చును. కొందరికి నడకయు మాటయు ఆలస్యమగును. ఒక్కరే పుట్టినప్పుడును ఈ భయము కొంత గలదు గాని, కవలలయందు చాల హెచ్చు. కావుననే నేటి వైద్యులు ఒక్క పిండమునే యుంచుట మేలని చెప్పుచున్నారు.

2019 సెప్టెంబరు 5న గుంటూరులో, డెబ్బది యేండ్లు దాటిన తూర్పుగోదావరి స్త్రీ యొకతె, వేరొకరి యండముతో, కవల ఆడపిల్లలను గనెను. పత్రికలు వింతగా వ్రాసెను. మేమును వింతగానే చదివితిమి. ఆ పిల్లలు పదియవ తరగతికి వచ్చునప్పటికి తల్లికి తొంబది సమీపించునని తరువాత తోచినది. 2021 నాటి చట్టము ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లు హద్దుగా నేర్పరచెను.

ఆ తల్లిని మేము, బిడ్డ నెలలు నిండి పుట్టెనా, బరువెంత, అని మాత్రమే యడిగితిమి. దరఖాస్తులో ఆ సంగతికి గడి లేదు, మేమును వ్రాయలేదు. ఆ బాలుడే తరగతివాడో చెప్పము. పదమూడవ యెక్కము తప్పువారు మా బడిలో చాలమంది కలరు.