చెలక నేలలో కూరమడి

హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు రహదారిలో ఆరాంఘర్ దాటి, గగన్‌పహాడ్ మీదుగా పోవునపుడు శంషాబాదునకు ముందు సాతంరాయి గ్రామము తగులును. ఊరి పేరులోనే రాయి యున్నది. నేల క్రిందను రాయియే. పైన ఇసుకపాలు హెచ్చుగా గల ఎఱ్ఱమన్ను పలుచగా పరచుకొని యుండును. దాని క్రింద మొరము, ఆ క్రింద నల్లసేనపు రాయి. ఇట్టి నేలను తెలంగాణమున చెలక యందురు. ఇసుక మరింత హెచ్చయినచో దుబ్బ యందురు. నేడు ఆ దారిన పోవువారి చూపు 2008 మార్చిలో తెరచిన విమానాశ్రయము వైపునకే పోవుట సహజము. దానికి పట్టిన భూమియే సుమారు 5,500 ఎకరములు. చుట్టుపట్ల ప్లాట్ల హద్దురాళ్ల నడుమ అక్కడక్కడ మిగిలిన కొత్తిమీర మడియో, పాలకూర మడియో, గంగవాయిలికూర మడియో ఎవరి కంటను పడదు. నగరవాసి ప్రొద్దుట బేరమాడి కొను ఆకుకూర కట్ట ఇట్టి నేలలో ఎట్లు బ్రదికి వచ్చినదో తెలిసికొనుట మాత్రము ఆసక్తికరమైన విషయము.

ఇసుక నేలకు నీరు చాలదని అందరును అందురు. అది సగము మాట. ఆ నేల నీటిని పట్టి యుంచలేదనుట సరియైన మాట. బంకనేలలో గంటకు 5 మిల్లీమీటర్ల నీరు ఇంకుట గగనము. ఇసుక నేల 30 మిల్లీమీటర్లకు పైగా మ్రింగును. మ్రింగినది కడుపులో నిలుచునా యన్నదే చిక్కు. మీటరు లోతున బంకనేల మొక్కకు అందదగిన నీటిని సుమారు 200 మిల్లీమీటర్లు దాచుకొనగా, ఇసుక నేల 60 మిల్లీమీటర్లు దాచుటయే గొప్ప. ఆకుకూరల వేళ్లు 30 సెంటీమీటర్లకు మించి దిగవు. కాబట్టి చెలకలోని తోటకూర మొక్కకు గల నీటితొట్టి 18 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో సగము తరుగగానే ఆకు వాలును. వేసవిలో దినమునకు 5 మిల్లీమీటర్లు ఖర్చు వేసికొన్నను ఆ సగము రెండు దినములకు రాదు. బంకనేలలోని మొక్క అదే ఎండలో ఆరు దినములు నిశ్చింతగా నుండును.

ఇప్పుడు రైతు ఒక్కసారిగా 50 మిల్లీమీటర్ల తడి యిచ్చినాడనుకొందము. నేల పూర్తిగా ఎండి యున్నను నిలుచునది 18. మిగిలిన 32 వేళ్లను దాటి పాతాళమునకు పోవును. ఎకరముమీద ఒక మిల్లీమీటరనగా నాలుగు వేల లీటర్లు. అనగా ఒక్క తడిలో 1,28,000 లీటర్ల నీరు మొక్కకు కాకుండ పోయినదన్న మాట! ఆ నీరు తిరిగి భూగర్భమునకే చేరును గదా యని వాదించువారు కలరు. కొంత చేరును, నిజమే. కాని పోవునది ఒంటరిగా పోదు. మొన్న చల్లిన యూరియాను కరగించి వెంటబెట్టుకొని పోవును. నీటిని మరల తోడుకొనవచ్చును, యూరియాను తోడుకొనలేము. మూడవనాటికి మడి మరల వాడును. రైతు నీరు చాలలేదని తలచి మరునాడు ఇంకను హెచ్చుగా పెట్టును. ఇసుక నేలలో దాహము పెంచునది అతివృష్టియే యన్న వింత యిది.

ఈ లెక్కలు కాగితముమీద వ్రాయకయే మోటబావి కాలపు రైతు వీనిని ఎరిగి యుండెను. ఎద్దులు పల్లమునకు దిగుచుండ తోలుసంచి పైకి వచ్చి తొట్టిలో నీరు క్రుమ్మరించును; ఆ నీరు సన్నని కాలువలో పారును. ఇసుకలో సన్నని ధార ఎంతో దూరము పోలేదు, మొదటనే ఇంకిపోవును. అందుచేత మడిని చిన్నదిగా కట్టిరి. నాలుగు బారల పొడవైన మడికి పార పట్టుకొన్న మనిషి గట్టు తెరచుట, నిండగానే మూయుట, ప్రక్క మడికి పోవుట. నేల ఎంత ఇసుకయైన మడి అంత చిన్నది. ఇది ఆనాటి సూత్రము. మోట రోజుల కష్టమును నేను మెచ్చుకొనుట లేదు. ఎద్దుకును మనిషికిని అది నడుము విరుగు చాకిరి. కాని తోడిన ప్రతి సంచి కష్టము తెలియుటచేత దానిని ఎక్కడ పోయవలెనో కూడ తెలిసినది.

తెలుగునాట ఇసుకలో కూర పండించు నేర్పు మరియొకచోట ఇంతకన్నను పరాకాష్ఠ నందినది. అది సముద్రతీరము. బాపట్ల, చీరాల ప్రాంతముల ఇసుక దిబ్బలలో దొరువులని లోతు తక్కువ గుంటలు త్రవ్వుదురు. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిమీద తేలుచు నిలుచును. గుంటలోనికి దిగి కడవలు ముంచి, మొక్క మొక్కకు చేతితో పోయుట అక్కడి పద్ధతి. లోతుగా త్రవ్వినను, వేగముగా తోడినను అడుగున నున్న ఉప్పునీరు పైకి పొంగును. కాబట్టి అక్కడ మితము నీతి కాదు, నిర్బంధము. బాపట్లలోని పరిశోధకులు తరువాతి కాలమున ఆ దొరువులకే భూమిలో అడ్డముగా చిల్లుల గొట్టములు చేర్చి, పైపైని మంచినీటిని మాత్రమే చేదుకొను విధమును రూపొందించిరి. సాతంరాయి రైతునకు ఇట్టి సౌకర్యము లేదు. తీరమున ఇసుకయే చెరువు. ఇక్కడ ఇసుక కేవలము జల్లెడ. నీరుండునది క్రింది మొరములోను, రాతి పగుళ్లలోను. బోరు వేసినవానికి పగులు తగిలిన భాగ్యము, తగులకున్న అప్పు.

బోరుతోపాటు కరెంటు వచ్చినది. కరెంటు ఏ రాత్రివేళనో కొన్ని గంటలు మాత్రమే వచ్చు రోజులలో రైతులు మోటారునకు ఆటో స్టార్టరు తగిలించుకొనిరి. కరెంటు రాగానే మోటారు తనంత తానే తిరుగును. రైతు ఇంట నిదురించును. మడి తెల్లవార్లు త్రాగును. 2018 జనవరి 1 నుండి తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఆరంభించినది. దీనివలన భూగర్భజలము అడుగంటునని అప్పుడే కొందరు భయపడిరి. ఆ భయము అకారణము కాదు. అయినను ఒక సంగతి చెప్పవలెను. ప్రొద్దున పది నిమిషములు, సాయంకాలము పది నిమిషములు నీరు కోరునది చెలక నేల. కోరిన నిమిషమున కరెంటు దొరకుటకన్న దానికి కావలసినదేమి? వరమే వచ్చినది గాని పాత అలవాటు మీద వచ్చినది. స్టార్టరును ఊడదీయుమని అధికారులు ఊరూర చాటవలసి వచ్చినది.

ఇంతవరకు నీటి మాట. నేలనే మార్చు ఉపాయము వేరొకటి కలదు. అది తెలంగాణమున తరతరముల నుండి యున్నదే. వేసవిలో చెరువెండినపుడు అడుగున పేరుకొన్న నల్లని ఒండ్రును బండ్ల కెత్తి చెలకలో చల్లుట. ఆ ఒండ్రులోని బంకయు, కుళ్లిన ఆకు అలమును ఇసుకరేణువుల సందులలో చేరి నీటిని పట్టి యుంచును. ఒక్కసారి తోలిన ఒండ్రు కొన్ని యేండ్లు పనిచేయును. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయుట ప్రారంభమైనపుడు ఒండ్రు ఉచితము. ట్రాక్టరు కిరాయి రైతుది. దానికి ఏటేట పెంట ఎరువు తోడైనచో రెండు దినముల తొట్టి మూడు, నాలుగు దినముల తొట్టియగును. ఇసుక నేలకు ఇంతకన్న మంచి వైద్యము నాకు కనబడలేదు.

కాని ఈ వైద్యము చేయునదెవరు? విమానాశ్రయము వచ్చిన తరువాత ఆ చుట్టుపట్ల భూమికి ధర యన్నది పంటతో సంబంధము లేని సంఖ్య యైనది. కొన్నవాడు పట్టణమున నుండును. అమ్ముడు పోవువరకు నేల ఊరక యుండుట ఎందుకని కౌలున కిచ్చును. మాట కౌలే గాని కాగితము కౌలు కాదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారునకు హక్కులిచ్చినది మొదలు కాగితమన్న యజమానికి బెదురు. 2011లో కౌలుదారుల కొరకు మరియొక చట్టము చేసి రుణార్హత కార్డులు ఇచ్చిరి. ఆ కార్డు ప్రాణము ఒక్క సంవత్సరము. వచ్చే యేడు ఆ మడి తనదగునో, దానిపై గోడ లేచునో తెలియని మనిషి ట్రాక్టరు కిరాయి పెట్టి ఒండ్రు తోలునా? తోలడు. తోలకపోవుట అతని అజ్ఞానము కాదు, లెక్క. ముప్పది దినములలో చేతికి వచ్చు కొత్తిమీరయు, పాలకూరయు వేయును. వేళ్లు లోతునకు పోని పంట; అన్నిటికన్న తఱచుగా నీరు కోరు పంట. నీరు నిలువని నేలలో నీరు లేనిదే నిలువని పంట వేయవలసిన అవసరము అతనికి నేల స్వభావమువలన రాలేదు, కౌలు స్వభావమువలన వచ్చినది.

బిందుసేద్యము ఇక్కడనే అతనికి పనికివచ్చినది. ఇస్రాయేలులో 1960 ప్రాంతమున రూపుదిద్దుకొన్న ఆ పద్ధతికి 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేక పథకమునే పెట్టి రాయితీ లిచ్చినది. ఇసుకలో బొట్టు ప్రక్కలకు పాకదు. ముల్లంగి దుంపవలె నిట్టనిలువుగా దిగును. అందుచేత బంకనేలలో దూరదూరముగా నుండదగిన చిల్లులు ఇక్కడ జానెడున్నరకు ఒకటి చొప్పున నుండవలెను. ఎక్కువసేపు వదలుటయు కూడదు. అయితే రాయితీకి పట్టాదారు పాసుపుస్తకము కావలెను; కౌలుదారు చేత అది యుండదు. కాబట్టి వంగ, టమాట వేయువారు తమ సొంత డబ్బుతో సన్నగొట్టములు కొనుచున్నారు. ఆకుకూరలవారు రెయిన్ పైపులను కొనుచున్నారు. చిల్లుల నుండి వానతుంపరవలె చిమ్ము ఆ మెత్తని గొట్టమును మడుల మధ్య పరచి, ప్రొద్దెక్కకముందు ఒకమారు, నీడ వాలిన పిమ్మట ఒకమారు విప్పుదురు.

ఒండ్రునకును గొట్టమునకును ఉన్న భేదము ఆ కౌలుదారునకు బాగుగా తెలియును. నేలలో కలిపిన ఒండ్రు నేలతోనే పోవును. గొట్టమును మాత్రము, యజమాని నుండి కబురు వచ్చిన సాయంకాలము, చుట్టగా చుట్టి భుజమున వేసికొని మరియొక చెలకకు పోవచ్చును.