ఆగిపోయిన లింకును తీసేసేదెవరు?

ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రసారమవుతున్న టీవీ ఛానళ్ల చిరునామాలను దేశదేశాల నుంచి పోగేసి ఒకచోట పెట్టే పని గిట్‌హబ్ అనే సైట్‌లో కొన్నేళ్లుగా సాగుతోంది. దాని పేరు ఐపీటీవీ-ఆర్గ్. అక్కడ వీడియో ఒక్కటి కూడా ఉండదు. ఉండేదంతా రాతే: ఛానల్ పేరేమిటి, ఏ దేశానిది, ఏ భాషది, ప్రసారం ఏ లింకులో దొరుకుతుంది. ఇవన్నీ రాసిన ఫైలునే ప్లేలిస్ట్ అంటారు. దాని చిరునామాను వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌కో, స్మార్ట్ టీవీలోని యాప్‌కో ఇస్తే ఛానళ్లు వరసగా వచ్చేస్తాయి. దేశాల వారీగా, భాషల వారీగా, వార్తలు, సినిమాలు, భక్తి అంటూ వేరువేరు జాబితాలున్నాయి. తెలుగుకూ ఒకటుంది. దీన్ని నడిపేది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, ఎవరైనా చేయి కలపవచ్చు. చేయి కలపడం అనగానే చాలామందికి తోచేది కొత్త లింకు ఒకటి పట్టుకొచ్చి చేర్చడమే. వాటికి కరువేమీ లేదు. కరువంతా, ఉన్న లింకులు ఇంకా పనిచేస్తున్నాయో లేదో చూసేవాళ్లకే.

ఎందుకంత కరువో ఆ ఫైలు లోపలికి చూస్తే తెలుస్తుంది. దాన్ని రాసే ఎం3యూ అనే పద్ధతి టీవీ కోసం పుట్టింది కాదు. 1990లలో కంప్యూటర్లో ఎంపీ3 పాటలను వరస పెట్టుకోవడానికి వచ్చింది. ఒక్కో పాటకు రెండేసి వరసలు. మొదటి వరసలో పాట ఎన్ని సెకన్లుంటుందో, దాని పేరేమిటో రాస్తారు, రెండో వరసలో అది ఎక్కడుందో రాస్తారు. టీవీ ప్రసారానికి ముగింపు ఉండదు కాబట్టి సెకన్ల చోట -1 అని వేస్తారు. ఆ పక్కన ఛానల్‌కు ఇచ్చిన గుర్తింపు, పేరు, బొమ్మ నాణ్యత 720పీ అయితే ఆ సంగతి. రెండో వరసలో ఉండే లింకు కూడా సాధారణంగా నేరుగా వీడియోకు పోదు. ఆపిల్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో అది మరో చిన్న జాబితాకు తీసుకెళ్తుంది. అందులో కొద్ది సెకన్ల నిడివి ఉన్న వీడియో ముక్కల చిరునామాలుంటాయి. ప్లేయర్ ఆ జాబితాను మళ్లీమళ్లీ అడుగుతూనే ఉంటుంది. కొత్త ముక్కలు వచ్చి చేరుతుంటాయి, పాతవి రాలిపోతుంటాయి. అంటే మన ఫైలులో అక్షరం మారకపోయినా అవతలి సర్వర్ జవాబివ్వడం మానేస్తే కథ ముగిసినట్టే. ఛానల్ వాళ్లు సర్వర్ మార్చినా, డొమైన్ గడువు తీరినా లింకు చచ్చిపోతుంది. ఇంకొన్ని లింకులైతే పుట్టుకతోనే అల్పాయుష్కులు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో వెతికి పట్టుకున్న లింకుకు చివర పొడవాటి అక్షరాల తోక ఉందనుకోండి, అది తరచుగా గడువుతో కూడిన టోకెన్. సాయంత్రం చక్కగా ఆడిన ఛానల్ మర్నాటికి మూగబోతుంది. అందుకే పంపేముందు బ్రౌజర్‌తో సంబంధం లేని ప్లేయర్‌లో ఒకసారి, కాస్త వ్యవధి ఇచ్చి ఇంకోసారి చూసుకోవాలి.

ఈ తనిఖీ యంత్రానికి అప్పగిస్తే పోదా అని అడగవచ్చు. కొంతవరకు పోతుంది. లింకులన్నిటినీ వరసగా తట్టి, 404, అంటే దొరకలేదు, అన్న జవాబు వచ్చినవాటిని పక్కన పెట్టే ప్రోగ్రాం రాయడం పెద్ద పనేం కాదు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. సర్వర్ అంతా సవ్యమే అంటుంది, తెర మీద మాత్రం రంగుల పట్టీలు నిలబడి ఉంటాయి, లేదా వేరే ఛానల్ ఆడుతుంటుంది. రోజులో కొన్ని గంటలే ప్రసారం చేసే ఛానల్ మిగతా వేళల్లో పోయినట్టే కనిపిస్తుంది. అలాంటివాటికి 24/7 కాదు అని గుర్తు పెడతారు. దేశాన్ని బట్టి అడ్డుకునే లింకుల గొడవ మరొకటి. అడిగినవాడి ఐపీ చిరునామా ఏ దేశానిదో చూసి కొన్ని సర్వర్లు తలుపు వేసేస్తాయి. పరీక్షించే యంత్రం అమెరికాలో ఉంటే విజయవాడలో నిక్షేపంగా వస్తున్న ఛానల్ దానికి చచ్చినదాని కిందే లెక్క. ఒకే లింకును వరంగల్‌లో ఒకరు, కువైట్‌లోనో డాలస్‌లోనో ఇంకొకరు తెరిచి చూస్తే తప్ప పోయిందా, అక్కడికి రానివ్వడం లేదా అన్నది తేలదు. విదేశాల్లోని తెలుగువాళ్లు ఈ పనికి అందివచ్చినవాళ్లు. కాకపోతే 'రావట్లేదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ దేశంలో, ఏ ప్లేయర్‌లో, తెర మీద ఏం కనిపించిందో చెప్పాలి.

యంత్రానికి తెలియనిది ఇంకోటుంది. రాష్ట్ర విభజన తర్వాత 2014లో తెలంగాణకు దూరదర్శన్ యాదగిరి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఛానల్‌కు సప్తగిరి పేరుంది. పరాయివాడికి రెండూ తెలుగు దూరదర్శనే. తెలుగు ప్రేక్షకుడు తెర మూల చూసి, వార్తల్లో ఊళ్ల పేర్లు విని ఏది ఏదో నిమిషంలో చెప్పేస్తాడు. ఇలాంటి సంగతులు రాసుకోవడానికి ఐపీటీవీ-ఆర్గ్ లింకులతో పాటు ఛానళ్ల వివరాల పట్టికను విడిగా పెడుతుంది. అందులో ఛానల్ ఎప్పుడు మూతపడింది, దాని స్థానంలో ఏది వచ్చింది అని రాయడానికి గడులున్నాయి. కొత్త లింకు పంపేవాళ్లలో వాటి జోలికి వెళ్లేవాళ్లు తక్కువే అనుకోవాలి, అందులో గొప్పగా చూపించుకునేదేమీ లేదు మరి.

ఇదంతా పైరసీకి ఊతమివ్వడం కాదా? గట్టి ప్రశ్నే. లింకే కదా, వీడియో కాదుగా అనే జవాబు చాలదు. ఐరోపా న్యాయస్థానం ముందుకు ఈ వాదన పలుమార్లు వచ్చింది. 2014లో స్వెన్సన్ కేసులో, హక్కుదారే అందరికీ తెరిచి పెట్టినదానికి లింకు ఇవ్వడం తప్పు కాదంది. 2016లో జీఎస్ మీడియా కేసులో, అనుమతి లేకుండా పెట్టినదానికి లాభం కోసం లింకు ఇస్తే తెలిసే ఇచ్చినట్టు భావిస్తామంది. 2017లో, దొంగ లింకులు ముందే నింపి అమ్మిన సెట్‌టాప్ పెట్టెను తప్పు పట్టింది. తీర్పు తిరిగేది లింకు మీద కాదు, అది దేనికి పోతుంది, ఇచ్చినవాడికి ఆ సంగతి తెలుసా అన్నదాని మీద. మన దగ్గరా 1957 నాటి కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఇస్తోంది. కాబట్టి తన లింకు ఎక్కడి నుంచి వచ్చిందో పంపినవాడు చెప్పగలగాలి. ఛానల్ సొంత సైట్‌లో ఉచితంగా పెట్టినదైతే పేచీ లేదు. ఎక్స్‌ట్రీమ్ కోడ్స్ తరహా సర్వర్ల లింకులను ఐపీటీవీ-ఆర్గ్ తీసుకోదు. డబ్బు కట్టి చూసే ఛానళ్లను దొంగతనంగా అమ్మేవాళ్లు విరివిగా వాడింది ఆ సాఫ్ట్‌వేర్‌నే, 2019 సెప్టెంబరులో ఇటలీ పోలీసులు దాన్ని మూయించారు. హక్కుదారు అడిగితే తీసేయడమే కాదు, ఆ ఛానల్‌ను మళ్లీ ఎవరూ చేర్చకుండా నిరోధ పట్టికలోనూ రాస్తారు. క్రికెట్ సీజన్‌లో పే ఛానల్ ఒకటి ఉచితంగా దొరికిందంటే అది సంబరపడాల్సిన విషయం కాదు, అనుమానించాల్సిన విషయం. ఎంతమంది అడిగినా దాన్ని చేర్చకపోవడమే జాబితాకు చేసే మేలు.

ఛానళ్లకు యూట్యూబ్ ఉంది, సొంత యాప్‌లున్నాయి, మధ్యలో మన చాకిరీ దేనికి అనేవాళ్లూ ఉన్నారు. యూట్యూబ్‌తో హాయిగా గడిచిపోయే ప్రేక్షకుడికి ఈ జాబితా అవసరం లేదు, ఒప్పుకోవచ్చు. ఛానల్‌కొక యాప్ చొప్పున దింపుకోలేనివాళ్ల సంగతి వేరు. పైగా దూరదర్శన్, తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానళ్లు టీ-శాట్ విద్య, నిపుణ నడిచేది ప్రజల డబ్బుతో. తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో మొదలుపెట్టిన ఎస్‌వీబీసీ అయితే భక్తులెక్కడుంటే అక్కడికి చేరాలనే ఉంది. ఇలాంటివాటి అసలైన లింకు తేలిగ్గా దొరికితే నష్టపోయేవారెవరూ లేరు. వెతికేవాడికి అవి దొరకాలంటే పేరు కూడా తగిలేలా ఉండాలి. ఛానళ్ల పట్టికలో ప్రధాన నామం ఇంగ్లిష్ లిపిలో ఉంటుంది, పక్కన ఇతర పేర్లకు ఒక గడి ఉంటుంది. ఆ గడిలో తెలుగు లిపిలోని పేరు రాయడానికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. ఛానల్ తన తెర మీద, తన సైట్‌లో పేరును ఎలా రాసుకుందో చూసి, ఫారం నింపి పంపితే చాలు.